గోల్ఫ్ క్లబ్ షాఫ్ట్ (పిడికీ తలకూ మధ్య ఉండే కాడ) మెత్తగా, అంటే సులువుగా వంగేలా ఉంటే షాట్‌లో ఏం మారుతుంది?

ముఖ్యంగా మారేది బంతి లేచే ఎత్తు, వెళ్లే దిశ. దూరం మాత్రం చాలామంది అనుకునేంత మారదు.

డౌన్‌స్వింగ్ (ఎత్తిన క్లబ్‌ను బంతి వైపు కిందికి తిప్పడం) మొదలవగానే చేతులు ముందుకు లాగుతాయి, బరువైన క్లబ్ తల వెనకబడుతుంది, షాఫ్ట్ వెనక్కి వంగుతుంది. బంతిని తాకే సమయానికి ఇది తిరగబడుతుంది. తల బరువు షాఫ్ట్ గీత మీద కాకుండా కాస్త వెనకగా ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు ఆ బరువు చేతుల వరసలోకి రావాలని చూస్తుంది. దాంతో షాఫ్ట్ ముందుకు వంగి, క్లబ్ ముఖం (బంతిని తాకే వైపు) కొంచెం పైకి తిరుగుతుంది, కొంచెం మూసుకుంటుంది కూడా, అంటే కుడిచేతి ఆటగాడికి ఎడమకు తిరుగుతుంది. షాఫ్ట్ మెత్తనైన కొద్దీ ఈ వంపు ఎక్కువ.

ఉదాహరణకు, డ్రైవర్‌ను (దూరపు షాట్లకు వాడే పొడవైన క్లబ్‌ను) గంటకు 105 మైళ్ల వేగంతో తిప్పే కుడిచేతి ఆటగాడు మెత్తటి షాఫ్ట్ వాడితే బంతి బాగా పైకి లేచి ఎడమకు మళ్లే అవకాశం ఎక్కువ. 80 మైళ్లతో తిప్పేవారికి మరీ గట్టిది ఇస్తే కిందుగా, కుడివైపు పోవచ్చు. స్వింగ్ తీరును బట్టి ఇందులో తేడాలుంటాయి.

మెత్తటి షాఫ్ట్ కొరడాలా విదిలించి బంతిని దూరం పంపుతుందన్నది అపోహే. ఆ విదిలింపు వల్ల తలకు అదనంగా వచ్చే వేగం చాలా తక్కువ. ఇంకో చిక్కు: షాఫ్ట్ మీది ‘ఆర్’ (రెగ్యులర్, మామూలుది), ‘ఎస్’ (స్టిఫ్, గట్టిది) అక్షరాలకు ఉమ్మడి కొలత లేదు, ఒక కంపెనీ ‘ఆర్’ మరో కంపెనీ ‘ఎస్’ అంత గట్టిగా ఉండొచ్చు.