అందరూ ఏడుస్తుంటే నాకు ఆవలింత వచ్చింది

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పెళ్ళై ఏడాదిన్నర అయింది. భీమవరంలో కాపురం. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మావారికీ, అమెరికాలో ఉన్న మా వదినకీ (ఆయన అక్కగారు) ‘స్ట్రేంజర్ థింగ్స్’ అనే అమెరికన్ వెబ్ సిరీస్ అంటే ప్రాణం. పెళ్ళైన కొత్తలో ఆయన చూపిస్తే బాగుందన్నాను. నిజానికి నాకు ఎక్కలేదు. ఆ చీకటి, ఆ అరుపులు, చచ్చిందనుకున్న రాక్షసి మళ్ళీ లేవడం. మొన్న జనవరి 1న పొద్దున్నే ఆరున్నరకి ఆఖరి ఎపిసోడ్ వస్తుందని, ముగ్గు సగంలో ఉండగా లోపలికి పిలిచారు. వీడియో కాల్‌లో వదిన, పక్కన ఈయన, ఇద్దరూ ఏడుస్తున్నారు. నాకేమో ఆవలింతలు. పాలు పొంగుతున్నాయని చెప్పి లేచిపోయాను. “తెలుగు మీడియం వాళ్ళకి ఇలాంటివి ఎక్కవులేరా” అంది వదిన. ఆయన నవ్వారు. ఇప్పుడు మళ్ళీ మొదటి సీజన్ నుంచి చూద్దాం, ఈసారి ఆపి ఆపి అర్థమయ్యేలా చెప్తాను అంటున్నారు. కాలేజీలో కూడా అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. లోపం నాలోనే ఉందా?
– ఒక సోదరి, భీమవరం

జవాబు: లోపమేమీ లేదు. మీ ఉత్తరం చదివాక నేనూ మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ చూశాను. ఉన్నమాట చెప్పాలంటే నాకు నచ్చింది. మీ పక్షాన బాగోలేదని అనేయవచ్చు గానీ, మీ ఇంట్లో చిక్కంతా అలాంటి అబద్ధంతోనే మొదలైంది కదా! కొడుకు కనపడకుండా పోతే ఇంటినిండా రంగు లైట్లు కట్టి వాడితో మాట్లాడాలని చూసే తల్లి దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. తర్వాతి సీజన్లలో మాత్రం మీరన్న విసుగు నాకూ వచ్చింది. అయిదు సీజన్లు కలిపి 42 ఎపిసోడ్లు. చివరిది ఒక్కటే రెండు గంటల పైన. ముగ్గు మధ్యలో వదిలేసి వచ్చిన మనిషికి అది చిన్న విషయం కాదు.

అర్థం కాలేదన్న మాటని మీరు నమ్మకండి. మొదటి సీజన్లో ఒక సైన్సు మాస్టారు పేపరు ప్లేటు మీద గీత గీసి, దాన్ని మడిచి పెన్నుతో పొడిచి, రెండు లోకాల మధ్య దారి ఎలా పడుతుందో పిల్లలకి చెప్తాడు. ఫిజిక్స్ చెప్పే మీకు అది తెలియదా? మీకు అర్థమైంది, రుచించలేదు. రుచి లేకపోవడాన్ని తెలివి లేకపోవడం కింద జమ కట్టారు మీవాళ్ళు. అసలు గాయం అక్కడ తగిలింది. ఆ సిరీస్ గురించి మీరు పది వాక్యాలు రాశారు. తెలుగు మీడియం మాట గురించి ఒక్కటే రాశారు. ఆ ఒక్కటి రాయడానికే ఉత్తరమంతా రాశారని నాకనిపించింది.

ఇక మీ ఉత్తరం చివర్లో తోకలా రాసిన, పైన అచ్చు వేయని సంగతి. పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడు మీ ఊరొచ్చారు. కనుమనాడు ఆయన్ని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు, అంటే ఊరూరి శివుళ్ళు, వెదురు కర్రలతో కట్టి అలంకరించిన ప్రభల మీద పచ్చటి చేలకడ్డంగా, కౌశిక ఏటి నీళ్ళలోంచి భుజాల మీద ఊగుతూ వస్తుంటే మీకు ఒళ్ళు పులకరించింది. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో శకటమై వెళ్ళిన వేడుక అది. ఆయన దుమ్ముకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ “ఇందులో ఏముంది?” అన్నారు. మీరు నొచ్చుకున్నారు, బయటపడలేదు.

ఆయనకి అక్కడ ఏం కనపడాలని మీరు కోరుకున్నారు? వెదురు కర్రలూ, రంగు గుడ్డలూ, గంటలూ ఆయనకీ కనపడ్డాయి. కనపడనిది మీ నాన్నగారి భుజం మీద కూర్చుని చూసిన ఆరేళ్ళ పిల్ల. ఇప్పుడు మీ ఆయన వైపు రండి. ఈ సిరీస్ 2016లో మొదలైనప్పుడు ఆయన ఇంజినీరింగ్ హాస్టల్లో, అక్క పెళ్ళై కొత్తగా దేశం దాటి. ఇద్దరూ ఫోన్లో ఒకేసారి ప్లే నొక్కి చూసేవారని మీరే రాశారు. 1983 నాటి అమెరికా పల్లెటూరితో, సైకిళ్ళతో, వాకీటాకీలతో ఆయనకి మాత్రం ఏం చుట్టరికం? ఆ ఏడుపులో సగం అక్క కోసమే అయి ఉంటుంది. పదేళ్ళుగా ఇద్దరికీ ఉన్న సాకు ఆ పొద్దున అయిపోయింది. మళ్ళీ మొదట్నుంచి మీతో చూస్తాననడం నాకైతే ముద్దుగానే అనిపించింది. “ఆపి ఆపి చెప్తా” అన్నది మాత్రం ముద్దుగా లేదు.

కాబట్టి రెండు మాటలు, రెండూ వేరువేరుగా చెప్పండి. కలిపితే దేనికీ విలువ ఉండదు.

మొదటిది మీ తప్పు. ఫోన్ పక్కన పెట్టించి, కాలవ గట్టు మీద బండిలో వెళ్తున్నప్పుడు చెప్పినా సరే: “ఏవండీ, అప్పుడు మిమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక బాగుందన్నాను. నాకు నచ్చలేదు. ముందే చెప్పాల్సింది.” అంతే. ఎందుకు నచ్చలేదో ఆయన అడిగితేనే చెప్పండి. పిల్లల కథ అనీ, చెత్త అనీ అనకండి. తీర్థం రోజు “ఇందులో ఏముంది” విన్నప్పుడు ఎలా ఉందో గుర్తుంది కదా. ఆ సంగతి కూడా అప్పుడే చెప్పండి, దెప్పినట్టు కాకుండా. కావాలంటే ఒక నవ్వు కలపండి: ఆ సిరీస్‌లో అమ్మాయి పేరే ఎలెవన్, మా తీర్థంలో రుద్రులూ పదకొండు మందేనని.

రెండోది ఆయన తప్పు. దీనికి నవ్వు కలపకండి. “వదిన అన్నదానికి కాదు, మీరు నవ్వినందుకు బాధపడ్డాను” అని సూటిగా చెప్పండి. అక్క మనసు నొప్పించలేక నవ్వి ఉంటారు, మగవాళ్ళలో ఈ బలహీనత ఎక్కువ. అయినా చెప్పాలి. వదినతో మీరు తగువుకి వెళ్ళొద్దు. ఆ మాట ఇంకోసారి వస్తే అక్కడికక్కడే, గొంతు పెంచకుండా, “అవును వదినా, తెలుగు మీడియంలోనే చదివి ఫిజిక్స్ చెప్తున్నాను” అనండి. నవ్వకుండా పక్కన కూర్చోవడం ఆయన పని.

ఇది చెప్పాక కూడా ఆయన నలుగురిలో మిమ్మల్ని తక్కువ చేస్తూనే ఉంటే, అది సిరీస్‌తో ముడిపడిన విషయం కాదు. అప్పుడు మళ్ళీ రాయండి, ఇంకోలా మాట్లాడుకుందాం.

కాలేజీ వాళ్ళ సంగతి వదిలేయండి. “నేను చూడలేకపోయాను” అంటే ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయరు. మీ అత్తగారు సాయంత్రం చూసే సీరియల్ మీ ఆయన చూడరు, దానికి ఎవరూ ఆయన చదువు ఎత్తలేదు.

ఆయన మళ్ళీ మొదటి సీజన్ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. ఇష్టమైతే ఆ పేపరు ప్లేటు మాస్టారు వచ్చే ఎపిసోడ్ ఒక్కటీ చూసి, ఎక్కడ తప్పు చెప్పాడో మీరే ఆపి ఆపి ఆయనకి చెప్పండి. మిగతా రోజుల్లో పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుకోండి. నిద్రొస్తే నిద్రొస్తోందని చెప్పి లేవండి. పాలు పొంగుతున్నాయని మాత్రం అనకండి.