బండిదారికి గేటు పెట్టవచ్చా? చింతామణి వైపు మా ఊరి అనుభవం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ పొలానికి ఆనుకుని ఉన్న బండిదారిలోకి శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి జీపులు, పెద్ద మోటారు సైకిళ్లు వచ్చి, బురదలో తిరిగి, దారిని పాడుచేసి పోతున్నాయి. అమెరికా పల్లెల్లో వేటగాళ్లకూ భూయజమానులకూ మధ్య ఇదే తగాదా ఉందని విన్నారు. అక్కడ ఎలా సర్దుకుంటున్నారో, ఇక్కడ మీరు గేటు పెట్టుకోవచ్చో లేదో తెలుసుకోవాలనుకుంటున్నారు. ఈ తగాదాను నేను రెండు చోట్లా దగ్గర నుంచి చూశాను. మా ఊరిలో దాని వల్ల ఒక పిల్లవాడు దెబ్బ తిన్నాడు కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సూటి జవాబు ముందే చెబుతాను. ఆ దారి గ్రామ నక్షాలో, అంటే ఊరి సర్వే పటంలో, ఉన్నదైతే దానికి గేటు పెట్టకూడదు, గొలుసు కట్టకూడదు, అడ్డంగా కందకం తవ్వకూడదు. మా వాళ్లు కందకం తవ్వారు.

నేను ఉండేది బెంగళూరులో, రామమూర్తినగర్ వైపు. మా పెద్దల భూమి చింతామణి దాటి చేలూరుకు వెళ్లే వైపు ఉంది. కర్ణాటకలో ఉన్నా అక్కడ చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఊరి చెరువు కట్ట దగ్గర మొదలై గుట్ట పాదం దాకా సుమారు రెండు కిలోమీటర్ల మట్టిదారి ఉంది, దాని మీద ఆధారపడిన కుటుంబాలు ముప్ఫైకి పైనే ఉంటాయి. ఆ దారి విలువ ఏమిటో బయటివారికి వెంటనే తెలియదు. పొద్దునా సాయంత్రమూ డెయిరీకి పాలు పోవాలి. టొమాటో కోసిన రోజే బాక్సులు మార్కెట్టుకు చేరాలి. పట్టుగూళ్ల సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే విడిపించిన గూళ్లు రోజు రోజుకూ బరువు తగ్గుతాయి, పురుగు రెక్కల పురుగుగా మారి గూడును తొలుచుకుని బయటికి వచ్చే లోపు వాటిని శిడ్లఘట్ట మార్కెట్టులో అమ్ముకోవాలి. దారి నాలుగు రోజులు మూతపడితే నలభై రోజుల శ్రమ తరుగులో పోతుంది.

2021 నవంబరులో కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో కురిసిన వానలకు ఎన్నో ఏళ్లుగా ఎండిన చెరువులు కూడా మరవ పారాయి, అంటే నిండి అలుగు పొంగాయి. మా చెరువు కూడా నిండింది. అందరమూ సంతోషించాము. అయితే నిండిన చెరువు, పచ్చని గుట్ట, కట్ట కింద బురద కలిసి ఆ చోటును నగరంలోని ఆఫ్‌రోడ్ బృందాలకు ఇష్టమైనదిగా మార్చాయి. 2022 వానాకాలంలో వారం వారం ఎనిమిది, పది వాహనాలు వరుసగా వచ్చేవి. ఆ టైర్లకు లోతైన గాట్లు ఉంటాయి. పొడి నేల మీద వాటి వల్ల పెద్ద నష్టం ఉండదు, కానీ తడిసిన ఎర్రమట్టిలో చక్రం ఒక్కచోట గిర్రున తిరిగితే ఒకే పూటలో మోకాటి లోతు గాడి పడుతుంది. ఆ గాడిలో నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు అడుగున ఉన్న మట్టిని ఇంకా మెత్తబరుస్తాయి, తరువాత వచ్చే బండి ఆ గాడిని తప్పించుకోవడానికి పక్క పొలం గెనుము (గట్టు) ఎక్కుతుంది. వాలు ఉన్న చోట ఆ గాడే వాగు అవుతుంది. సెప్టెంబరులో పాల వ్యాన్ నాలుగు రోజులు రాలేదు. మా వీధిలో ఒక పెద్దావిడ రెండు పూటల పాలు కాలువలో పారబోయడం నేను కళ్లారా చూశాను.

అడగడానికి వెళ్లిన వాళ్లకూ, వచ్చిన కుర్రవాళ్లకూ మాటా మాటా పెరిగింది. ఇది ప్రభుత్వ రోడ్డు, మీరెవరు ఆపడానికి అని వాళ్లు అన్నారు. ఆ మాట చట్టప్రకారం తప్పు కాదు, అందుకే మా వాళ్లకు ఇంకా కోపం వచ్చింది. ఆ వారమే మా చిన్నాయన, ఇంకో ఇద్దరు రైతులు కలిసి జేసీబీతో దారికి అడ్డంగా మూడడుగుల కందకం తవ్వించారు. ట్రాక్టరు పోవడానికి పక్కన తమ పొలంలో నుంచి దారి ఇచ్చారు, ఊరిలో అందరికీ చెప్పామనుకున్నారు. మూడో రోజు రాత్రి చింతామణి నుంచి పని ముగించుకుని వస్తున్న మా ఊరి పిల్లవాడే మోటారు సైకిలుతో అందులో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. వాడికి ఆ కందకం సంగతి ఎవరూ చెప్పలేదు. జీపుల వాళ్లు మాత్రం మరుసటి ఆదివారం వచ్చి, దాన్ని చూసి, పక్క పొలంలో నుంచి చుట్టి వెళ్లారు.

పోలీసులు వచ్చారు. ప్రజల దారికి అడ్డు కల్పిస్తే దాన్ని తొలగించమని ఆదేశించే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంటుంది. అప్పట్లో అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను. నోటీసు దాకా రాకముందే మా వాళ్లు కందకం పూడ్చారు. కానీ ఆ పిల్లవాడి ఇంటికీ మా ఇంటికీ మధ్య మాటలు కలవడానికి ఏడాది పట్టింది.

ఆ తరువాత జరిగినదే మీకు ఎక్కువ పనికి వస్తుంది. దారి ఎవరిదో, ఎంత వెడల్పో తేల్చమని మేము హద్దుబస్తుకు, అంటే హద్దులు కొలిచి చూపే సర్వేకు, అర్జీ పెట్టాము. సర్వేయరు నక్షా, ఆకారబంద్ (సర్వే నంబర్ల విస్తీర్ణం రాసిన రికార్డు) ముందు పెట్టుకుని గొలుసు లాగినప్పుడు ఊరికి ఊరే నిశ్శబ్దమైపోయింది. నక్షా ప్రకారం ఉండవలసిన వెడల్పులో చాలాచోట్ల సగమే మిగిలింది. దారికి రెండు వైపులా ఉండవలసిన కాలువలను దున్ని పొలంలో కలుపుకున్నది జీపుల వాళ్లు కాదు, మేమే. మా సర్వే నంబరు వెంబడే పొలం దాదాపు ఆరడుగులు దారిలోకి వచ్చి ఉంది. పక్క కాలువ లేకపోతే వాన నీరు పోవడానికి దారి తప్ప వేరే చోటు ఉండదు. చెరువు కింద మడి దున్ని, కేజ్ వీల్స్ (బురదలో దున్నడానికి బిగించే ఇనుప చక్రాలు) విప్పకుండానే ట్రాక్టరును ఇంటికి తెచ్చేది కూడా మనవాళ్లే. బోరు వేయించే రోజు వచ్చే రిగ్గు లారీ బరువు ముందు జీపు బరువు లెక్కలోకి రాదు. జీపుల వల్ల నష్టం జరగలేదని నేను అనడం లేదు, జరిగింది. కానీ నీళ్లు పోయే మార్గాన్ని మేము మూసివేసి ఉండకపోతే ఆ నష్టం అంత లోతుగా ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికా విషయానికి వస్తాను. నేను ఐయోవా రాష్ట్రంలోని డి మాయిన్ నగరంలో ఒక బీమా సాఫ్ట్‌వేరు పని మీద రెండేళ్లు ఉన్నాను. సహోద్యోగి ఒకాయన తండ్రికి మొక్కజొన్న, సోయా సాగు ఉండేది, ఒక నవంబరు శనివారం వాళ్ల ఊరికి వెళ్లాము. అక్కడ అక్టోబరు చివరి శనివారం ఫెజెంట్ అనే పక్షి వేట కాలం మొదలవుతుంది, డిసెంబరులో తుపాకీతో జింకల వేట ఉంటుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి మనకు ఇది వింతగా తోస్తుంది, కానీ అక్కడ లైసెన్సు తీసుకుని వేటాడటం పల్లె జీవితంలో భాగం. వేటకాలం, పంట కోతల ముగింపు, వానలూ మంచూ పడే రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే తగాదాకు మూలం. కంకర వేయని మట్టిరోడ్ల మీద వేటగాళ్ల పికప్ ట్రక్కులు తిరిగితే గాడులు పడతాయి, అవి చలికి గడ్డకట్టి రాయిలా బిగుసుకుపోతాయి. కోత యంత్రం, ధాన్యం బండి వాటి మీదుగా పోవలసి వస్తుంది.

ఐయోవాలో కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఇలాంటి రోడ్లను నిర్వహణ స్థాయిని బట్టి విడదీస్తాయి. బి స్థాయి రోడ్డుకు నిర్వహణ చాలా తక్కువ, ప్రవేశించేవారు తమ బాధ్యత మీదే ప్రవేశించాలని బోర్డు ఉంటుంది, అయినా అది అందరికీ తెరిచే ఉంటుంది. సి స్థాయి రోడ్డుకు గేటు ఉంటుంది, ఎవరెవరికి ప్రవేశమో కౌంటీ పాలకవర్గం నిర్ణయిస్తుంది. అక్కడా గేటు ఉందన్న మాట నిజమే, కానీ దాన్ని రైతు తన ఇష్టం వచ్చినట్టు పెట్టలేడు. ఈ తేడాను మీరు దయచేసి గమనించాలి. ఆ పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. తనకు వేటగాళ్ల మీద కోపం లేదని, వాన వెలిసిన మర్నాడే వచ్చే వేటగాడి మీదే కోపమని, రెండు రోజులు ఆగి వస్తే వాళ్లకు తానే కాఫీ ఇస్తానని ఆయన అన్నారు.

అక్కడ పల్లె రోడ్డుకు సాధారణంగా కేటాయించే వెడల్పు 66 అడుగులు, అంటే ఒక సర్వే గొలుసు. మన గుంట 33 అడుగుల చదరం, ఆ గొలుసులో సరిగ్గా సగం. రెండు దేశాల్లోనూ నేలను ఒకే గొలుసుతో కొలిచారన్న సంగతి మా సర్వే రోజున నాకు గుర్తుకు వచ్చింది.

ఆ పెద్దాయన మాటనే నేను మా ఊరి గ్రామసభలో చెప్పాను. మనుషులను ఆపే ప్రయత్నం మానేసి, దారి తడిగా ఉన్న రోజుల్లో ఎవరూ, అంటే మన కేజ్ వీల్స్ ట్రాక్టరు కూడా, దాని మీద తిరగకూడదని అనుకుందామన్నాను. మొదట ఒప్పుకోలేదు. ఎవరో పట్నం నుంచి వచ్చి ఆడుకుపోతే మనం ఆగాలా అని మా చిన్నాయనే అడిగారు. ఆ కోపంలో న్యాయం ఉంది, నేను కాదనలేదు. చివరకు మూడు విషయాలకు సభ ఒప్పుకుంది: ఆక్రమించిన అంచులు వదలాలి, రెండు వైపులా కాలువ తీయాలి, పెద్ద వాన తరువాత రెండు రోజులు పాల వ్యాన్, అత్యవసర వాహనాలు తప్ప బరువు బండ్లు పోకూడదు. తీర్మానం రాసి, దారి మొదట్లో తెలుగులోనూ కన్నడంలోనూ బోర్డు పెట్టాము. కాలువ పని ఉపాధి హామీ కింద జరిగింది. కర్ణాటకలో పొలం దారుల కోసం ‘నమ్మ హొల, నమ్మ దారి’ అన్న పేరుతో ఆ పథకం కింద పనులు చేపట్టేవారు, ఇప్పుడు ఏ వీలు ఉందో మీ పంచాయతీలో అడగండి. నీళ్లు అడ్డంగా దాటే రెండు చోట్ల సిమెంటు పైపులు వేసి, నడుమ ఎత్తుగా, పక్కలకు వాలుగా గరుసు పరిచాము.

జీపుల బృందంతో మాట్లాడే పని నా మీద పడింది, ఎందుకంటే వాళ్లలో ఇద్దరు మా ఆఫీసు ఉన్న వీధిలోనే పని చేసేవారు. పోట్లాటకు కాకుండా ఫోటోలతో వెళ్లాను. పారబోసిన పాలు, విరిగిన గెనుము, ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడు. వాళ్లు నిజంగానే కదిలిపోయారు. వాళ్లకు ఆ దారి ఒక ఆట స్థలం, దాని మీద ముప్ఫై ఇళ్లు బతుకుతున్నాయని వాళ్లకు తెలియనే తెలియదు. గరుసు నాలుగు లోడ్లకు వాళ్లు డబ్బు ఇచ్చారు. ఇప్పుడు ఊరిలో ఒక కుర్రవాడు శుక్రవారం సాయంత్రం దారి తడిగా ఉందో, ఆరిందో వాళ్లకు వాట్సాప్‌లో చెబుతాడు. తడి అంటే ఆ బృందం రాదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే కొత్తవాళ్లు ఇప్పటికీ కొందరు బురదలో దిగుతూనే ఉన్నారు, అది పూర్తిగా ఆగలేదు. అయినా కాలువ తీసిన తరువాత పాల వ్యాన్ ఒక్క పూట కూడా ఆగలేదు.

మీరు మొదట చేయవలసినది గ్రామ నక్షా నకలు, మీ పహణి (పొలం హక్కు, సాగు వివరాల పత్రం) తీసుకుని ఆ దారి ఏ రకమో చూడటం. నక్షాలో గుర్తించిన బండిదారి అయితే అది అందరిదీ. మీ సర్వే నంబరు లోపలే ఉండి, పహణిలో బి ఖరాబు కింద చూపి ఉన్నా అది ప్రజల అవసరానికి వదిలిన నేలే, మీ విస్తీర్ణంలో కనిపించినంత మాత్రాన దాని మీద గేటు పెట్టే హక్కు రాదు. ఈ రెండూ కాక పూర్తిగా మీ పట్టా భూమిలో మీరు వదిలిన దారి అయితే మీకు అధికారం ఎక్కువ. కానీ పొరుగు రైతులు 20 సంవత్సరాలకు పైగా బాహాటంగా, ఆటంకం లేకుండా, తమ హక్కుగా దాన్ని వాడుకుంటూ ఉంటే వాళ్లకు దారి హక్కు ఏర్పడి ఉండవచ్చు. అలాంటప్పుడు గేటు పెట్టే ముందు చింతామణిలోనో, మీ తాలూకా కేంద్రంలోనో ఒక సివిల్ వకీలును కలవండి. ఎవరైనా కావాలని దారిని ధ్వంసం చేస్తే వాహనం నంబరు, తేదీ, ఫోటోలతో పంచాయతీ ద్వారా ఫిర్యాదు చేయించండి. ప్రభుత్వ ఆస్తుల ధ్వంస నివారణకు 1984 నాటి చట్టం ఉంది, ఒక్క రైతు పేరుతో ఇచ్చిన కాగితం కన్నా పంచాయతీ ఇచ్చిన కాగితానికి బరువు ఎక్కువ.

ఇంకొక పని ఉంది, దానికి ఏ కచేరీకీ వెళ్లనక్కరలేదు. ఈసారి గట్టి వాన కురుస్తున్నప్పుడే గొడుగు పట్టుకుని మీ దారి పొడవునా ఒకసారి నడవండి, వీలైతే పక్క పొలం వాళ్లను కూడా వెంట తీసుకువెళ్లండి. నీళ్లు ఎవరి గెనుము దగ్గర దారిలోకి మళ్లుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో అప్పుడే కనిపిస్తుంది, వాన వెలిసిన గంట తరువాత కనిపించదు. మాకు ఆ చోట్లు ఐదు దొరికాయి, అందులో రెండు మా పొలం అంచునే ఉన్నాయి.