కథ గడ్డ దగ్గర మొదలు కాకూడదు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ శ్రద్ధగా చదివాను. రాజోలు వైపు ఊడ్పులకు వెళ్లే కూలీ స్త్రీకి రొమ్ములో గడ్డ కనిపించడంతో మొదలుపెట్టి, మందు కొట్టిన చేలే ఆమెకు క్యాన్సర్ తెచ్చాయని ముగించావు. నీ కోపం న్యాయమైనదే. కానీ ఒక మనిషి విషయంలో ఏ వైద్యుడూ తేల్చి చెప్పలేని కారణాన్ని రచయిత తీర్పుగా రాస్తే, కథలోని మిగతా నిజాలను కూడా పాఠకుడు అనుమానిస్తాడు.

అలాగని పురుగుమందుల ఊసు వదిలేయమనడం లేదు. అమెరికాలోని ఓక్లాండ్ ప్రాంతంలో 1959-67 మధ్య ప్రసవించిన తల్లుల రక్తాన్ని భద్రపరిచి దశాబ్దాల తరువాత పరిశీలించినవారు 2007లో ఒక ఫలితం ప్రకటించారు. డీడీటీ అనే పురుగుమందు విరివిగా వాడకంలోకి వచ్చేనాటికి పద్నాలుగేళ్లు నిండనివారిలో, రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారికి యాభై ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు, తక్కువగా ఉన్నవారికన్నా సుమారు 5 రెట్లు కనిపించింది; అప్పటికే ఆ ఈడు దాటినవారిలో ఆ సంబంధం కనిపించలేదు. కనుక నీ కథ బడి మానేసి తల్లి వెంట దాళ్వా చేలో కలుపుకు దిగిన పిల్ల దగ్గర మొదలు కావాలి. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ వాడకాన్ని 1989లో నిషేధించారు. ఆమె ఏ ఏట పుట్టిందో, ఆ చేలో అప్పుడు ఏ మందు కొట్టేవారో ముందు తెలుసుకో.

ఇంకొకటి, నాకు మరింత ముఖ్యమనిపించేది. మన దేశంలో ఈ జబ్బు పల్లెల్లోకన్నా పట్టణాల్లోనే ఎక్కువ. ఆలస్యంగా కాన్పులు, పాలివ్వడం తగ్గడం, ముట్లుడిగాక ఒళ్లు పెరగడం ముప్పును పెంచుతాయి. నీ కూలీ స్త్రీకి జబ్బు వచ్చే అవకాశం తక్కువ, వస్తే బతికి బయటపడే అవకాశమూ తక్కువే. నువ్వు రాయవలసిన అన్యాయం అక్కడుంది. తొలిదశలో గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు, ఊడ్పుల రోజుల్లో కూలి పోగొట్టుకునే స్థితి ఆమెకు లేదు, మగ డాక్టరుకు చూపించుకోవడానికి మనసొప్పదు. ప్రభుత్వ కార్డు చికిత్సకు డబ్బు కట్టినా, కాకినాడ పెద్దాసుపత్రికి పోయివచ్చేదాకా ఇంట్లో పసివాణ్ణి చూసే మనిషిని ఇవ్వదు.

ముంబైలో 1998లో మొదలైన ఒక దీర్ఘకాల ప్రయోగంలో, శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించడంవల్ల యాభై దాటిన స్త్రీలలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది. నీ కథలో ఆశా కార్యకర్త ఒక్కచోటా కనిపించదు. ఆమె ఎన్ని ఇళ్లు తిరుగుతుందో, రొమ్ము పరీక్ష ఎవరైనా ఆమెకు నేర్పారో లేదో ఆమెనే అడిగి, ఆ తరువాత మళ్లీ రాసి పంపమ్మా.