కాన్పు గదిలో కెమెరా

ప్రశ్న: పెళ్లి వీడియోలు తీస్తుంటాను మేడమ్. తెలిసినవాళ్లు తమ కాన్పు కూడా తీయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఎలా సిద్ధపడాలి?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు డాక్టరుగారి అనుమతి తీసుకోండమ్మా. భర్త సరేనంటే చాలదు, ఆ తల్లి తన నోటితో ఒప్పుకోవాలి. నొప్పుల మధ్యలో వద్దంటే ఆ క్షణమే కెమెరా దించేయాలి. ఇందులో నేను ఎవరి మాటా వినను.

నేనెప్పుడూ ఆమె తలవైపు, భుజం పక్కనే నిలబడతాను. ఆమె కళ్లకు కనిపించేదే వీడియోలోకి వస్తుంది, గౌరవంగానూ ఉంటుంది. ఫ్లాష్ వద్దు, ఎక్కువ వెలుతురు తీసుకునే ఎఫ్ 1.8 లెన్స్ ఉంటే గదిలో వెలుతురు సరిపోతుంది. సిజేరియన్ అయితే పరిచిన స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) గుడ్డలకు ఏదీ తగలకూడదు. వేలాడే కెమెరా పట్టీ తీసేసి లోపలికెళ్లండి.

బిడ్డ బయటికి రాగానే కెమెరా అటు తిప్పేయాలనిపిస్తుంది. తల్లి ముఖం వదలకండి. బొడ్డుతాడుకు క్లిప్పు బిగించడానికి కనీసం ఒక నిమిషం ఆగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బిడ్డను గుండెల మీద వేస్తే ఆ నిమిషమంతా కదలకుండా తీయండి. ఏడుపు ఆలస్యమైతే మాత్రం రికార్డింగ్ ఆపి, పిల్లల డాక్టరుకు దారివ్వండి.

వీడియో ముందు తల్లే చూడాలి. అత్తగారు ఎంత బతిమాలినా ఆ తర్వాతే.