విమాన కంపెనీలో చేరుతున్న మేనల్లుడికి

మురుగేశ్‌పాళ్య, బెంగళూరు

చి. సుధీర్‌కు మావయ్య ఆశీస్సులు.

నీకు ప్లానింగ్‌లో ఉద్యోగం వచ్చిందని అక్క ఫోన్ చేసింది. చాలా సంతోషం. చవక విమానమంటే చవక టికెట్ అనుకుంటారు అందరూ. నువ్వలా అనుకోకు. ముందు ఖర్చు చూడు. టికెట్ ధర ఇవాళ తగ్గించి రేపు పెంచొచ్చు. ఖర్చు ఒకసారి ఎక్కిందంటే దిగదు.

కెప్టెన్ గోపీనాథ్ గారు 2003లో ఎయిర్ డెక్కన్‌ను మన ఊరి నుంచే మొదలుపెట్టారు. రూపాయికి కూడా టికెట్ అమ్మారు. రైలు తప్ప తెలియనివాళ్లు విమానం ఎక్కారు. జనం వచ్చారు గానీ డబ్బు మిగల్లేదు. 2007లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ వాళ్లు అందులో వాటా కొన్నారు, మరుసటి ఏడాది దాని పేరే మార్చేశారు. 2012 అక్టోబరుకల్లా రెండూ మూతపడ్డాయి. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఖర్చు ఎక్కడ పుడుతుందో నేను పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టులో ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, నేర్చుకున్నాను. ఆఖరి ప్యాసింజర్ మెట్లు దిగీ దిగకముందే లోపల అమ్మాయిలు సీటు జేబుల్లో చెత్త ఏరుతుండేవారు, కింద మేం బ్యాగులు దించేవాళ్లం. అరగంటలో విమానం మళ్లీ కదలాలి. ఒకరోజు పొద్దున్నే బ్యాగుల ట్రాలీ చక్రం ఊడి ఇరవై నిమిషాలు పోయాయి. అదే విమానం రాత్రి ఆఖరి ట్రిప్పుకి గంటన్నర లేటు. నేల మీద నిలబడ్డ విమానం సంపాదించదు, దాని అద్దె మాత్రం ఆగదు.

ఇండిగో 2006లో ఒక్క ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాలతోనే మొదలైంది. ఒకే రకమైతే ఏ పైలట్ అయినా ఏ విమానమైనా నడుపుతాడు, స్పేర్లూ ఒకటే. అదే ఇండిగో 2017లో చిన్న ఊళ్ల కోసం ఏటీఆర్‌లు అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు తెచ్చింది, 2024లో ఢిల్లీ–ముంబై మధ్య బిజినెస్ క్లాస్ పెట్టింది. అమెరికాలో సౌత్‌వెస్ట్ అనే చవక విమాన కంపెనీ ఏళ్ల తరబడి ఉచితంగా మోసిన బ్యాగులకు 2025లో డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టింది.

ఇలాంటి మార్పు నీ టేబుల్ మీదకొస్తే తప్పని కొట్టిపారేయకు, గొప్పదని తల ఊపకు. ఎన్ని సీట్లు పోతాయి, ఆ డబ్బు ఎవరిస్తారు, మా అరగంట ఎన్ని నిమిషాలవుతుంది అని అడుగు. మూడోది మీటింగుల్లో ఎవరూ అడగరు, నువ్వే అడగాలి.

మొదటి నెలలోనే ఒక వారం ర్యాంప్ మీద తెల్లవారుజాము షిఫ్ట్ వేయమను. ఇప్పటి ఎయిర్‌పోర్టున్న దేవనహళ్లిలో ఆ వేళకు చలి గట్టిగా ఉంటుంది. నా పాత స్వెట్టర్ ఉంది, ఆదివారం భోజనానికొచ్చి తీసుకెళ్లు.

మీ మావయ్య