పాత సామానుకు తెల్ల స్ప్రే: మీ ప్రశ్నలు, మా జవాబులు

హనుమకొండ పాఠకురాలు: మా అత్తగారి కాలంనాటి టేకు డ్రెస్సింగ్ టేబుల్‌కు ఎమిరీ కాగితం కొట్టి రెండు డబ్బాల తెల్ల స్ప్రే వేశాం. ఆ రోజు మీగడలా ఉంది. పది రోజులకు అంచుల వెంట టీ ఒలికినట్టు మరకలు తేలాయి. ఇంకో డబ్బా తెచ్చి కొట్టినా మళ్ళీ అవే. మాకు నకిలీ రంగు అంటగట్టారా?

రంగు మంచిదే అయ్యుంటుంది, మరక మాత్రం చెక్కది. టేకులో సహజంగా ఉండే నూనె, గోధుమరంగు పసరు స్ప్రేలోని థిన్నర్‌లో కరిగి, రంగు ఆరేకొద్దీ పైకి తేలతాయి. అంచుల దగ్గరే ఎందుకంటే, ఎమిరీ రుద్దేటప్పుడు అక్కడ పాత పాలిష్ మొత్తం లేచిపోయి పచ్చి చెక్క బయటపడుతుంది. మధ్యలో మిగిలిన పాత పాలిష్ అడ్డంగా నిలబడింది, అందుకే అక్కడ తెల్లగానే ఉంది. ఇంకో నాలుగు పూతలు వేసినా లాభం లేదు. ప్రతి పూతలోని థిన్నర్ మళ్ళీ కొంత పసరును తోడుకొస్తుంది. ఆదిలాబాద్ వైపు టేకు మన ఇళ్ళలో ఎక్కువ కాబట్టి ఈ ఫిర్యాదూ ఎక్కువే. యేగిస సామానైతే ఇంకా మొండిది. ఆ చెక్క గ్లాసులో రాత్రి పోసిన నీళ్ళకు తెల్లారేసరికి ఎంత రంగు దిగుతుందో షుగర్‌కని తాగేవాళ్ళను అడగండి.

దీనికి అడ్డుకట్ట లక్క. పాలిష్ సామాను అమ్మే కొట్లో లక్క రేకులు దొరుకుతాయి. లీటరు పాలిష్ స్పిరిట్‌కు 150 గ్రాముల లెక్క. మీ టేబుల్‌కు అరలీటరు చాలు, అంటే 75 గ్రాములు. గాజు సీసాలో వేసి మూత బిగించి రాత్రంతా ఉంచండి, మధ్యలో రెండు మూడుసార్లు ఊపండి. ఇనుప డబ్బాలో వద్దు, లక్క నల్లబడుతుంది. పొద్దున చూస్తే అడుగున మైనం మడ్డిలా పేరుకుని ఉంటుంది. దాన్ని కదపకుండా పైతేటను పాత కాటన్ బట్టలో వడకట్టుకోండి.

ఇప్పుడున్న తెల్లరంగును గీకెయ్యక్కర్లేదు. 320 నంబరు ఎమిరీతో మెరుపు పోయేదాకా రుద్ది, తుడిచి, గంట తేడాతో రెండు పూతల లక్క బ్రష్‌తో వేయండి. మర్నాడు ఒక మూల జానెడు మేర తెల్ల స్ప్రే కొట్టి మూడు రోజులు చూడండి. మరక తేలకపోతే ఒక పూత తెల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), దానిమీద మూడు పలుచని పూతల స్ప్రే. మామూలు నీళ్ళ ప్రైమర్ ఒక్కటే వేసి ఊరుకుంటే పసరు ఆగదు.

ఇక డబ్బాల లెక్క. 400 మి.లీ. డబ్బా ఒక్క పూతకు సుమారు 15 నుంచి 20 చదరపు అడుగులు వస్తుంది. సొరుగులు, పక్కపలకలు కలిపితే మీ టేబుల్ 40 చదరపు అడుగులకు తగ్గదు. మూడు పూతలంటే ఆరు నుంచి ఎనిమిది డబ్బాలు. అంత పెద్ద సామానుకు డబ్బా స్ప్రే దండగ. పలకలకు చిన్న రోలరు వాడి, కాళ్ళకూ చెక్కుడు పనికీ మాత్రం డబ్బా వాడండి. పగుళ్ళు లేని టేకుకు అసలు తెల్లరంగు ఎందుకన్నది మా సందేహం, కానీ మీరడిగింది అది కాదు.

కరీంనగర్ పాఠకురాలు: దేవునర్రలోని చెక్క పీటలు, చిన్న మందిరం నూనె జిడ్డూ పసుపూ పట్టి ఉన్నాయి. బతుకమ్మ పండుగలోగా తెల్లగా చేయాలి. సబ్బుతో కడిగితే చాలా?

చాలదు. జిడ్డుకు మందు వేరు, పసుపుకు మందు వేరు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా బట్టల సోడా కలిపి రుద్దండి. సోడా తగలగానే పసుపు పారాణిలా ఎర్రబడుతుంది, కంగారు పడకండి. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క పూసలా నిలబడితే నూనె ఇంకా ఉన్నట్టే. దానిమీద రంగు కొడితే చుక్కచుక్కగా గుంటలు పడి రంగు పక్కకు జరిగిపోతుంది.

పసుపు నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో, థిన్నర్‌లో కరుగుతుంది. కడిగాక పోయినట్టే కనిపించి, స్ప్రే పడగానే మళ్ళీ పచ్చగా పైకొచ్చేది అందుకే. తెల్లబట్టను స్పిరిట్‌లో తడిపి తుడవండి. బట్టకు పచ్చదనం అంటనంతవరకూ బట్ట మారుస్తూ పోవాలి. తర్వాత రెండు మూడు రోజులు నేరుగా ఎండలో పెడితే మిగిలినదీ వెలిసిపోతుంది. ఆపైన లక్క. అందులోనూ స్పిరిటే ఉంది కాబట్టి ముందుకూ వెనక్కూ రుద్దకుండా బ్రష్‌ను ఒక్క లాగులో లాగాలి. రంగు వేశాక వారం దాకా దీపం పెట్టకండి. ఆ తర్వాత కూడా ప్రమిద కింద ఇత్తడి పళ్ళెమో టైలు ముక్కో ఉండాలి, లేకపోతే వేడికి తెలుపు గోధుమరంగుకు తిరుగుతుంది.

మంచిర్యాల పాఠకుడు: పాత ఇనుప బీరువాను మే నెలలో డాబా మీద పెట్టి తెల్ల స్ప్రే కొట్టాను. తలుపంతా రవ్వ చల్లినట్టు గరుకు. ఒక పక్క రంగు ముడతలు పడి లేచింది.

ఇవి రెండు వేర్వేరు తప్పులు. రవ్వ ఎండ వల్ల వచ్చింది. మీ దగ్గర 44 డిగ్రీల ఎండలో, అందులోనూ దూరం నుంచి కొడితే, రంగు తుంపర రేకును చేరేలోపే గాలిలో ఆరి పొడిలా పడుతుంది. ఒక రోజు ఆగి, 400 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది మళ్ళీ కొట్టండి. రేకు మీద అరచెయ్యి ఆనించి ఉంచలేకపోతే ఆ పూట పని మానుకోవాలి. వేసవిలో పొద్దున తొమ్మిదిలోపు, నీడన. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఈ పనికి అసలైన కాలం. ముసురులో కొడితే ఆరే రంగు మీద తేమ పట్టి మెరుపు చచ్చిపోతుంది.

కొట్టే తీరు కూడా చెప్పాలి. లోపలి గోలీ శబ్దం మొదలయ్యాక రెండు నిమిషాలు డబ్బా ఊపండి. జానెడు నుంచి జానా బెత్తెడు దూరం. మీట నొక్కడం తలుపు అంచుకు బయటే మొదలుపెట్టి, అవతలి అంచు దాటాకే వదలండి. ప్రతి లాగు ముందు లాగును సగం కప్పాలి. మణికట్టు తిప్పితే మధ్యలో దట్టంగా, చివర్లలో పలుచగా పడుతుంది. మొత్తం చెయ్యే కదలాలి. మొదటి పూతలో కింది రంగు కనిపిస్తూనే ఉంటుంది, ఉండాలి కూడా. అక్కడే కప్పేద్దామని ఆశపడినవాళ్ళకే రంగు కారుతుంది.

ముడతలకు కారణం కింద ఉన్న పాత ఎనామెల్. స్ప్రేలోని ఘాటు థిన్నర్ దాన్ని ఉబ్బించి లేపేసింది. లేచిన చోట గట్టి పొర వచ్చేదాకా గీకి, అంచులు సమంగా రుద్ది, ముందు మంచు పట్టినంత పలుచగా రెండు మూడు పూతలు, పావుగంట తేడాతో వేయండి. తుప్పు ఉన్నచోట ఇనుము మెరిసేదాకా రుద్ది అదే రోజు ప్రైమర్ పూయాలి. ఎర్ర ప్రైమర్ కన్నా బూడిదరంగుది మేలు, తెలుపు కింద ఎరుపు దాగడానికి అదనంగా ఒక పూత పడుతుంది. డబ్బాలను డాబా మీదా స్కూటర్ డిక్కీలోనూ ఉంచకండి, 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది.

జనగామ పాఠకుడు: నల్లబడిన పెంబర్తి ఇత్తడి ఫలకానికి తెల్ల స్ప్రే కొట్టొచ్చా?

వద్దు. నున్నటి ఇత్తడి మీద రంగు నిలవక పెచ్చులుగా రాలుతుంది, చెక్కుడు గీతలు పూడిపోతాయి. చింతపండు, ఉప్పుతో తోమి, కడిగి, వెంటనే పొడిగా తుడిచి గోడకు పెట్టండి.

కాజీపేట పాఠకురాలు: ప్లాస్టిక్ కుర్చీలకు, థర్మకోల్ మండపానికి పనికొస్తుందా?

కుర్చీ కింద త్రికోణంలో 5 అంకె ఉంటే మామూలుగా రంగు అంటదు. ప్లాస్టిక్ ప్రైమర్ వేసినా కూర్చున్నప్పుడల్లా వంగి పగులుతుంది. థర్మకోల్ థిన్నర్ తగిలితే కరిగి గుంటలు పడుతుంది. నీళ్ళ ఎమల్షన్ బ్రష్‌తో వేసుకోండి.

జగిత్యాల పాఠకురాలు: మా ఆయన పడుకున్న చెక్క తొట్టెలకు తెల్లరంగు వేసి, పుట్టబోయే బిడ్డకు వాడాలని ఉంది.

పాత రంగుతోనే ప్రమాదం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. పొడిగా ఎమిరీ కొట్టకండి. తడిపి, వాటర్ పేపర్‌తో, కింద ప్లాస్టిక్ షీటు పరిచి రుద్దాలి. ఆ మడ్డిని షీటుతో సహా చుట్టి తీసేయాలి. గర్భంతో ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి. బొమ్మలకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న నీళ్ళ రంగు వేసి, వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు మూడు వారాలు గాలికి పెట్టండి. పై కమ్మికి మాత్రం రంగే వద్దు. పాత రంగు పూర్తిగా తీసి, నున్నగా రుద్ది వదిలేయండి. పళ్ళు వచ్చే వయసులో పసిబిడ్డ ముందు కొరికేది దాన్నే.