చర్చిలో ఫ్లాష్ కొట్టేముందు

అల్లుడూ,

సెయింట్ మేరీస్ చర్చిలో పెళ్లి ఫొటోలు తియ్యడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. కానీ ఫంక్షన్ హాల్లో నువ్వు చేసే పని అక్కడ సాగదు. హాల్లో తెల్లటి ఫాల్స్ సీలింగ్ పది పన్నెండు అడుగుల్లో దొరుకుతుంది, ఫ్లాష్ తల పైకి తిప్పి కొడితే వెలుతురు మెత్తగా దిగుతుంది. అది 1850 నాటి గుడి. అంత ఎత్తు కప్పుకి కొడితే పోయిన వెలుతురు పోయినట్టే. బ్యాటరీలు ఖాళీ, మొహాలు నలుపు.

ముందు ఫ్లాష్ ఆపేసి గుడిని ఒక్కదాన్నే తియ్యి. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800, ఎఫ్ (లెన్స్ రంధ్రం) 5.6, షట్టర్ 1/60 సెకను దగ్గర మొదలుపెట్టు. కమానులు, బలిపీఠం కనబడాలి, కానీ ఒక స్టాప్ తక్కువలో, అంటే సగం వెలుతురులో, సాయంత్రం పడ్డట్టు. అది కుదిరాకే ఫ్లాష్ వెయ్యి. గుడి వెలుతురు షట్టర్ చూసుకుంటుంది, మనుషుల వెలుతురు ఫ్లాష్ చూసుకుంటుంది. మూడు వరసల గ్రూపు వస్తే, అన్ని వరసలూ స్పష్టంగా రావడానికి ఎఫ్ 8కి వెళ్లి ఐఎస్ఓ 1600 చెయ్యి, లెక్క చెడదు.

షట్టర్ మాత్రం సింక్ దాటనివ్వకు, అంటే ఫ్లాష్ ఫ్రేము మొత్తానికీ అందే గరిష్ఠ వేగం. నీ కెమెరాకి అది 1/200. నా పెంటాక్స్ కె1000కి 1/60. ఒక పెళ్లిలో ఎవరో భుజం తగిలించారో, నా వేలే జారిందో, డయల్ 1/125కి పోయింది. రీలు కడిగించి చూస్తే ప్రతి ఫ్రేములో సగం నలుపు. పెళ్లికూతురు వెలిగిపోతోంది, పక్కన పెళ్లికొడుకు లేడు. ఆ పిల్ల తండ్రి ఒక్క మాటా అనలేదు. ప్రింట్లు ఒక్కొక్కటే తిప్పి చూసి కవరు నా చేతికే ఇచ్చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

టీటీఎల్‌ని, అంటే కెమెరా తనే ఫ్లాష్ కొలిచే ఆటోని, నమ్మకు. తెల్ల పట్టుచీర, ముసుగు చూసి ఫ్లాష్ తగ్గిస్తుంది, నల్ల సూటు చూసి పెంచుతుంది. మాన్యువల్లో 1/4 పవర్‌తో మొదలుపెట్టి, చీర మీద కుట్టుపని పూవు పూవూ కనబడేదాకా సరిచూసుకో.

గ్రూపులకి ఫ్లాష్ వెలుతురు మెత్తబరిచే గొడుగు దగ్గర పెట్టకు. ముందు వరసకి ఆరడుగుల్లో లైటు ఉంటే, ఆ వరసకి మూడడుగులు వెనక నిల్చున్న వాళ్లకి సగం కూడా చేరదు. పన్నెండడుగులకి జరిపితే దాదాపు మూడింట రెండొంతులు చేరుతుంది. పవర్ నాలుగింతలు కావాలి, అందుకే రెండు ఫ్లాష్‌లు తీసుకెళ్లు, చెరో పక్కనా ఒకటి. స్టాండు తల కంటే మూడడుగులు పైకి ఉంటే కళ్లజోళ్లలో గొడుగు కనబడదు. అప్పటికీ మెరిస్తే గడ్డం కొంచెం దించమని అడుగు. మేనత్తలు వినరు, అది వేరే సంగతి.

లోపల పసుపు బల్బులు వెలుగుతుంటే ఫ్లాష్ మీద ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) కట్టి, వైట్ బ్యాలెన్స్ ఆ బల్బులకే పెట్టు. లేకపోతే మొహాలు మామూలుగా, వెనక గోడ బెల్లం పాకంలా వస్తుంది.

ఫాదర్ గారిని ముందు రోజే కలువు. పూజలో ఫ్లాష్ ఒప్పుకుంటారా, మెట్లెక్కనిస్తారా, అడిగి తెలుసుకో. ఆయన వద్దన్నచోట వద్దు. బలిపీఠం మీద లెన్స్ మూత కూడా పెట్టకు. పూజ అయ్యాక నీకు దొరికేది ఇరవై నిమిషాలు, బయట ఇంకో జంట కారు దిగుతూ ఉంటుంది. ముసలివాళ్లని ముందు తీసేసి కూర్చోబెట్టు, స్నేహితుల గుంపుని మెట్ల మీద ఎండలో తీసుకోవచ్చు. ఒక్కో గ్రూపుకి మూడు కొట్టు, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు.

గొడుగులు కోఠీలో కొనకు, నా దగ్గర రెండున్నాయి. బుధవారం వచ్చి పట్టుకుపో. ఒకదాని కమ్మి వంగింది, అది ఎడమ పక్కన పెట్టుకో. స్టాండ్ల కాళ్లకి కట్టడానికి ఇసక సంచులు నువ్వే తెచ్చుకోవాలి.

మామయ్య